సర్వర్ అద్దెకు: సీమ వ్యాపారానికి క్లౌడ్ ఎంతవరకు లాభం

కర్నూలు, అనంతపురం, కడపల్లో టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డీలర్లు, కంప్యూటర్ సర్వీసు వాళ్లు ఇప్పుడు షాపు షాపుకీ చెప్పే మాట ఒకటే. "సర్వర్ ఎందుకు కొంటారు సార్, క్లౌడ్‌లో పెట్టేద్దాం, నెలకింత కట్టుకుంటే చాలు." ఆ మాటలో అబద్ధం లేదు, కాకపోతే సగమే చెప్తారు. ఆదోని పత్తి వ్యాపారి, కర్నూలు ఉల్లి కమీషన్ కొట్టు, తాడిపత్రి గ్రానైట్ యూనిట్, ప్రొద్దుటూరు నగల దుకాణం, అనంతపురం స్కానింగ్ సెంటర్ లాంటి చోట్ల ముగ్గురి నుంచి పదిమంది దాకా కంప్యూటర్ మీద పనిచేస్తుంటారు. అలాంటి సంస్థ క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ మీదుగా వాడుకునే అద్దె కంప్యూటరుకు, వెళ్తే ఏమొస్తుంది, ఏం పోతుంది అన్నదే ఇక్కడి లెక్క.

తీర్పు ముందే చెప్పేస్తాం. బ్యాకప్‌కు క్లౌడ్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. టాలీ లాంటి లెక్కల పనికి తీసుకోవచ్చు గానీ, రెండు ఇంటర్నెట్ లైన్లు ఉంటేనే. కౌంటర్ బిల్లింగ్, వేబ్రిడ్జి, సీసీ కెమెరాల రికార్డింగు మాత్రం షాపు గోడల మధ్యే ఉండాలి.

క్లౌడ్ పేరుతో అమ్మేది మూడు రకాలు. మొదటిది, అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ లాంటి కంపెనీల దగ్గర నేరుగా ఒక మెషీన్ అద్దెకు తీసుకోవడం. రెండోది, ఒక డీలర్ అలాంటి మెషీన్ తీసుకుని, దాంట్లో టాలీ ఎక్కించి, మనిషికి నెలకు ఐదారు వందల నుంచి వెయ్యి దాకా వసూలు చేసే 'టాలీ ఆన్ క్లౌడ్'. మూడోది, జోహో బుక్స్ లాగా బ్రౌజర్‌లోనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్. ఇందులో మెషీన్ సంగతి మీకు అక్కర్లేదు. ఈ చుట్టుపక్కల ఎక్కువగా అమ్ముడయ్యేది రెండోది. ఆ డీలర్ ఏం కొని మీకు ఏం అమ్ముతున్నాడో తెలియాలంటే మొదటి రకం ధర తెలియాలి.

డబ్బు లెక్క

అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి డేటా సెంటర్లు ఉన్నాయి. ముంబైలో రెండు వీసీపీయూలు (ప్రాసెసర్ వంతులు), 4 జీబీ ర్యామ్ ఉన్న చిన్న విండోస్ మెషీన్ గంటకు సుమారు ఆరు సెంట్లు. నెలంతా, అంటే 730 గంటలు, ఆపకుండా నడిపితే 46 డాలర్లు. డాలరు 88 రూపాయలు అనుకుంటే నాలుగు వేల పైచిలుకు. దీనికి 100 జీబీ డిస్క్ 800, పబ్లిక్ ఐపీ అడ్రసు 320 (2024 ఫిబ్రవరి నుంచి దీనికీ గంటల లెక్కన డబ్బు వేస్తున్నారు), స్నాప్‌షాట్లు, అంటే డిస్క్ నకళ్లు, ఒక 300. మొత్తం 5,400 చిల్లర, మీద 18 శాతం జీఎస్టీ. నెలకు 6,400 దగ్గర తేలుతుంది, ఏడాదికి 76 వేలు, అయిదేళ్లకు 3 లక్షల 80 వేలు.

అదే ఒక మామూలు టవర్ సర్వర్, రెండు డిస్కులు ఒకదానికొకటి నకలుగా, ఒక ఆన్‌లైన్ యూపీఎస్, మధ్యలో ఒకసారి బ్యాటరీల మార్పు, అన్నీ కలిపి అయిదేళ్లకు రెండు లక్షల చుట్టూ తిరుగుతుంది. అంటే రాత్రీ పగలూ నడిచే ఒక చిన్న మెషీన్‌కు క్లౌడ్ చవక కాదు. చవక అని ఎవరైనా అంటే కాగితం మీద లెక్క వేసి చూపించమనండి.

చవక చేసుకునే దారి ఉంది. కొట్టు తెరిచి ఉండేది రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు. పొద్దున మెషీన్ ఆన్ అయ్యేలా, రాత్రి ఆగేలా టైమర్ పెడితే 730 గంటలు 260కి దిగుతాయి. మెషీన్ అద్దె నాలుగు వేల నుంచి 1,450కి పడిపోతుంది. డిస్క్, ఐపీ అద్దెలు మాత్రం మెషీన్ ఆగినా ఆగవు. చాలామందికి బిల్లు చూశాకే తెలిసే సంగతి ఇది. అన్నీ కలిపి జీఎస్టీతో నెలకు 3,400 లోపు వస్తుంది. అయిదేళ్లకు రెండు లక్షలు, అంటే సొంత సర్వర్‌తో సరిసమానం. అప్పుడు డబ్బును పక్కనపెట్టి మిగతా గుణాలు తూచుకోవచ్చు.

కొటేషన్లలో జరిగే మాయ ఎక్కడంటే, 4 జీబీ ర్యామ్ విండోస్ సర్వర్ మీద ఇద్దరు ముగ్గురికి మించి టాలీ సాఫీగా నడవదు. అయిదుగురికి 8 జీబీ కావాలి, అద్దె దాదాపు రెట్టింపు. కొటేషన్ 4 జీబీకి ఇచ్చి, మార్చి నెలాఖరులో మెషీన్ నత్తనడక నడుస్తుంటే "అప్‌గ్రేడ్ చేసుకోండి సార్" అంటారు. పైగా ఈ చవక రకం మెషీన్లు ప్రాసెసర్‌ను పూర్తిగా ఇవ్వవు. 4 జీబీ మెషీన్‌కు ఒక్కో వీసీపీయూలో 20 శాతమే నిలకడగా దక్కుతుంది. వాడకం తక్కువ ఉన్నప్పుడు పోగైన క్రెడిట్లతో కాసేపు పరుగెత్తుతుంది, అవి అయిపోతే మందగిస్తుంది లేదా అదనపు బిల్లు వేస్తుంది, ఏ సెట్టింగు పెట్టారన్న దాన్ని బట్టి.

లైసెన్సుల దగ్గర ఇంకో గుంట ఉంది. విండోస్ సర్వర్‌తో ఊరికే వచ్చే రెండు రిమోట్ లాగిన్లు సర్వర్ నిర్వహణకు, గుమాస్తాలు లెక్కలు రాసుకోవడానికి కాదు. పనిచేసే ప్రతి మనిషికీ రిమోట్ డెస్క్‌టాప్ (సర్వర్ తెరను మీ కంప్యూటర్‌లో చూపే సర్వీసు) లైసెన్సు కొనాలి. కొనకుండా ఆ సర్వీసు ఎక్కిస్తే మైక్రోసాఫ్ట్ 120 రోజులు గడువిస్తుంది. నాలుగు నెలలు నున్నగా నడిచి, ఒక ఉదయం ఎవరికీ లాగిన్ కాకపోతే కారణం చాలాసార్లు ఇదే. బిల్లులో ఆ లైసెన్సుల వరుస ఉందో లేదో మొదటి రోజే చూడండి. టాలీ లైసెన్సు దీనికి వేరు; ఒక్కరికే అయితే సిల్వర్, ఎక్కువమందికి గోల్డ్.

పన్నుల వైపు చూస్తే, సొంత సర్వర్ మీద ఆదాయపు పన్నులో ఏటా 40 శాతం తరుగుదల దొరుకుతుంది. క్లౌడ్ అద్దె ఆ ఏడు ఖర్చు కిందే మొత్తం పోతుంది. జీఎస్టీ క్రెడిట్ దగ్గర మాత్రం అందరిదీ ఒకే కథ కాదు. బట్టల షాపు, గ్రానైట్ యూనిట్ 18 శాతాన్ని క్రెడిట్‌గా వెనక్కి తెచ్చుకుంటాయి. ఉల్లి మీద జీఎస్టీ లేదు, వ్యవసాయ ఉత్పత్తుల అమ్మకంలో కమీషన్ ఏజెంటు సేవకూ మినహాయింపు ఉంది. కాబట్టి ఉల్లి కొట్టుకు ఆ 18 శాతం నికరంగా చేతినుంచి పోయే ఖర్చే. జీఎస్టీ కాంపోజిషన్‌లో (అమ్మకాల మీద ఒకే చిన్న రేటు కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్లదీ అదే గతి. విదేశీ కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే ఖాతా తెరిచేటప్పుడే జీఎస్టీ నంబరు ఇవ్వాలి. ఇవ్వకపోతే మిమ్మల్ని మామూలు వినియోగదారు కింద జమకట్టి పన్ను వేస్తారు, ఆ క్రెడిట్ రాదు. ఇస్తే రివర్స్ చార్జి కింద మీరే కట్టి, మీరే క్రెడిట్ తీసుకుంటారు.

లైను పోతే

క్లౌడ్ టాలీకి వేగం పెద్దగా అక్కర్లేదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో అటూ ఇటూ తిరిగేది స్క్రీన్ బొమ్మ, కీబోర్డు నొక్కులు మాత్రమే. పది ఎంబీపీఎస్ లైను మీద అయిదుగురు హాయిగా పనిచేస్తారు. కావాల్సింది ఆలస్యం తక్కువగా, అదీ నిలకడగా ఉండటం. సాయంత్రం ఏడింటికి, వీధిలో ఇంటింటా టీవీ, ఫోన్లు నడిచే వేళ, ఒక గంటసేపు పింగ్ (సర్వర్ దాకా వెళ్లి వచ్చే ఆలస్యాన్ని కొలిచే ఆదేశం) పెట్టి వదిలేయండి. 50 మిల్లీసెకన్ల లోపు ఉంటే తేడా తెలియదు. 150 దాటితే అక్షరం నొక్కిన కాసేపటికి తెరమీద పడుతుంది. రోజుకు మూడు వందల ఓచర్లు కొట్టే మనిషి వారంలో తిరగబడతాడు. సగటు 40 ఉన్నా మధ్య మధ్య 400 కనిపిస్తే ఆ లైను పనికిరాదు.

ఈ ఊళ్లలో ఫైబర్ తెగేది ఎక్కువగా తవ్వకాల వల్ల. డ్రైనేజీ పనులు, రోడ్డు వెడల్పు, స్తంభాల మార్పు. అందుకే రెండో లైను వేరే కంపెనీది అయితే చాలదు, వేరే దారిన రావాలి. రెండు కంపెనీల ఫైబర్లూ అదే స్తంభం మీదుగా వస్తుంటే ఒక్క జేసీబీ రెండింటినీ లాగేస్తుంది. ఒక ఫైబర్, ఒక 4జీ లేదా 5జీ సిమ్, రెండూ పెట్టుకునే డ్యూయల్ వాన్ రౌటరు, ఇదీ సరైన కూర్పు. ఫైబర్ పోగానే రౌటరు తనంతట తాను సిమ్ మీదికి మారాలి. కేబుల్ పీకి చూసి, మారుతోందో లేదో డీలర్ ముందే పరీక్షించండి.

ఇక్కడే క్లౌడ్ గట్టిగా మార్కులు కొట్టేసే సంగతి ఒకటి ఉంది. లైను పోయినా, షాపులో కరెంటు పోయినా, సర్వర్ మీద సెషన్, అంటే మీరు తెరిచి పెట్టిన పని, అలాగే బతికి ఉంటుంది. సగం కొట్టిన ఓచరు, తెరిచిన లెడ్జరు, ఎక్కడ ఆపారో అక్కడే. మళ్లీ కలిస్తే అదే తెర. సొంత మెషీన్‌లో ఓచరు సేవ్ అవుతుండగా కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే టాలీ డేటా చెడిపోతుంది, రిపేరు కొట్టుకుంటూ పూట గడుస్తుంది. వేసవి కోతల కాలంలో ఈ ఒక్క గుణానికే క్లౌడ్ తీసుకున్నా తప్పులేదు. ఎండ సంగతి కూడా దీనికే కలపాలి. మామూలు టవర్ సర్వర్లకు కంపెనీ రాసిచ్చే ఉష్ణోగ్రత పరిమితి 35 డిగ్రీలు. ఏసీ లేని కొట్టు వెనక గదిలో మే నెలలో ఉండే వేడి మీకు తెలియనిది కాదు. తాడిపత్రి, బేతంచెర్ల పాలిషింగ్ యూనిట్లలో అయితే ఎండిన రాతి పొడి ఫ్యాన్ల మీద, హీట్‌సింక్ సందుల్లో గట్టిపడి కూర్చుంటుంది. బ్లోయరు కొట్టని సర్వర్ రెండు వేసవులు చూడటమే గొప్ప.

సెషన్ బతికి ఉండాలంటే ఒక సెట్టింగు చూసుకోవాలి. కొందరు డీలర్లు ర్యామ్ మిగుల్చుకోవడానికి, లైను తెగిన సెషన్‌ను పది నిమిషాల్లో చంపేసేలా పెడతారు. దాన్ని రెండు గంటలకు మార్పించండి.

ఇంకొకటి గడియారం. అమెజాన్ విండోస్ మెషీన్ పుట్టుకతో గ్రీన్విచ్ సమయంలో ఉంటుంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. మార్చకుండా వదిలేస్తే రాత్రి రెండింటికి అని పెట్టిన బ్యాకప్ పొద్దున ఏడున్నరకు నడుస్తుంది. విండోస్ అప్‌డేట్లు 'పని వేళలు' కావని తాను అనుకునే సమయంలో మెషీన్‌ను రీస్టార్ట్ చేస్తాయి. మామూలుగా ఆ పని వేళలు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు. గ్రీన్విచ్ లెక్కన అది మన మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి పదిన్నర. అంటే మార్కెట్ ముమ్మరంగా ఉండే ఉదయం పదకొండింటికి సర్వర్ తనంతట తానే పడిపోయి లేవొచ్చు. భారత సమయానికి మార్చడం ఒక్క నిమిషం పని, అయినా చాలామంది మర్చిపోతారు.

ప్రింటర్, కాటా

కమీషన్ కొట్టులో క్లౌడ్ మీద తిట్లు మొదలయ్యేది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ దగ్గర. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) కొట్టగానే టకటకా రావాల్సింది, ఒక్కో గీతా అటూ ఇటూ పాకుతూ నిమిషం తీసుకుంటుంది. రైతు ఎదురుగా నిలబడి ఉంటాడు. కారణం ఏమిటంటే, రిమోట్ డెస్క్‌టాప్ తన సొంత 'ఈజీ ప్రింట్' డ్రైవరు (ప్రింటరును నడిపే ప్రోగ్రాము) వాడి, అక్షరాలను అక్షరాలుగా కాక బొమ్మగా మార్చి పంపుతుంది. డాట్ మ్యాట్రిక్స్‌కు బొమ్మ అంటే చుక్క చుక్కా గుచ్చడమే. పరిష్కారం: మీ ప్రింటర్ అసలు డ్రైవరును అదే పేరుతో సర్వర్ మీద కూడా ఎక్కించాలి, విండోస్ గ్రూప్ పాలసీ సెట్టింగుల్లో ఈజీ ప్రింట్‌కు మొదటి ప్రాధాన్యం తీసేయాలి, టాలీలో ప్రింట్ ఫార్మాట్‌ను డాట్ మ్యాట్రిక్స్‌కు మార్చాలి. మూడూ చేస్తే దాదాపు పాత వేగం వస్తుంది. డెమో చూపించేటప్పుడు డీలర్ పీడీఎఫ్ తీసి చూపిస్తాడు. మీరు మాత్రం మీ ప్రింటరు మీద, మీ కాగితం మీద, పది పట్టీలు వరసగా కొట్టించి చూడండి.

వేబ్రిడ్జి వేరే సంగతి. కాటా ఇండికేటరు సీరియల్ పోర్టు తీగ మీద సెకనుకు కొన్నిసార్లు బరువు పంపుతూ ఉంటుంది. ఆ పోర్టును రిమోట్ డెస్క్‌టాప్ మీదుగా సర్వర్‌కు చేర్చే వీలు ఉంది, కానీ లైను ఒక్క క్షణం వణికినా పోర్టు ఊడిపోతుంది. లారీ కాటా మీద నిలబడి ఉండగా ఆ పంచాయతీ ఎవరికీ వద్దు. తూకం సాఫ్ట్‌వేర్ కాటా గదిలోని కంప్యూటర్‌లోనే ఉంచి, తయారైన స్లిప్పుల జాబితాను గంటకోసారి క్లౌడ్‌కు పంపుకుంటే సరి. బార్‌కోడ్ స్కానరుతో ఏ పేచీ లేదు, అది కీబోర్డు లాగే పనిచేస్తుంది. డిజిటల్ సంతకం పెట్టే యూఎస్‌బీ టోకెన్ మాత్రం ఎదురుగా ఉన్న కంప్యూటర్‌లోనే పెట్టుకోండి, పోర్టల్ పనులు అక్కడే చేసుకోండి.

కెమెరాలను క్లౌడ్‌కు ఎక్కిస్తామనే వాళ్లకు ఒక గుణకారం చాలు. నాలుగు కెమెరాలు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్, ఆగకుండా. రోజుకు 86 జీబీ, నెలకు దాదాపు 2,600 జీబీ. చాలా ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాటితే వేగం కోసేస్తారు. టాలీకి మిగిలేది మీరే లెక్కేసుకోండి.

బ్యాకప్

క్లౌడ్ డబ్బుకు నిజంగా విలువ చూపేది ఇక్కడే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. షాపులో సర్వర్, దాని పక్కనే బల్ల సొరుగులో బ్యాకప్ పెన్‌డ్రైవ్ పెట్టుకున్న వాడికి అలాంటి రోజున రెండూ ఒకేసారి పోతాయి. చట్టం కూడా దీన్ని ఊహించింది. ప్రమాదంలోనో ప్రకృతి వైపరీత్యంలోనో రికార్డులు పోతే, తగిన సమయంలో తిరిగి తెచ్చుకునేలా ఎలక్ట్రానిక్ బ్యాకప్ ఉండాలని సీజీఎస్టీ నియమావళి 57వ నియమం అంటుంది. ఇక సంస్థ ప్రైవేట్ లిమిటెడ్ అయితే, 2022 ఆగస్టులో మారిన కంపెనీల నియమాల ప్రకారం లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ తీయాలి, అదీ భారతదేశంలో ఉన్న సర్వర్‌లోనే. ముంబై, హైదరాబాద్ తీసుకుంటే ఈ చిక్కు తీరుతుంది. సింగపూర్ లాంటి బయటి దేశపు సెంటర్ ఎంచుకోకండి.

ఖర్చు ఎంతో చూడండి. టాలీ డేటా 2 జీబీ అనుకుందాం. రోజుకొక కాపీ చొప్పున 30 రోజులు దాస్తే 60 జీబీ. అమెజాన్ ముంబై సెంటర్‌లో నిల్వ ధర జీబీకి నెలకు రెండున్నర సెంట్లు. మొత్తం ఒకటిన్నర డాలరు, 130 రూపాయల చిల్లర. టీ ఖర్చు కూడా కాదు.

అయితే తప్పు దారిలో చేసేవాళ్లే ఎక్కువ. టాలీ డేటా ఫోల్డరును ఎత్తి గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టి, రెండు ఊళ్ల నుంచి తెరిచేయడం ఒక తప్పు. సింక్ ఫోల్డరు ఫైళ్లను విడివిడిగా, తనకు తోచిన వరుసలో అటూ ఇటూ మోస్తుంది. టాలీకి ఆ ఫైళ్లన్నీ ఒకే క్షణానివి కావాలి. ఇద్దరు ఒకేసారి తెరిస్తే ఒకరి ఓచర్లు 'కాన్‌ఫ్లిక్ట్ కాపీ' పేరుతో పక్కకు పోతాయి, డేటా తెరుచుకోకపోనూ వచ్చు. ఇంకో తప్పు, సింక్‌నే బ్యాకప్ అనుకోవడం. షాపులో వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే ఆ తాళం వేసిన ఫైళ్లే నిమిషాల్లో పైకి ఎక్కుతాయి. చెత్తబుట్టలో దొరుకుతుందిలే అనుకుంటే, గూగుల్ డ్రైవ్‌లో 30 రోజులు, వ్యాపార వన్‌డ్రైవ్‌లో 93 రోజులే గడువు.

సరైన దారి ఇలా ఉంటుంది. రాత్రి అందరూ టాలీ మూసేశాక, టాలీలోని డేటా మెనూ నుంచే బ్యాకప్ తీయాలి. ఆ ఫైలును తేదీ పేరుతో జిప్ చేసి, ఆర్‌క్లోన్ లాంటి ఉచిత సాధనంతో క్లౌడ్ బకెట్‌కు (క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటుకు) పంపాలి. పంపే ఖాతాకు ఫైలు వేసే హక్కు మాత్రమే ఇవ్వాలి, చెరిపే హక్కు వద్దు. బకెట్‌లో వెర్షనింగ్ (పాత కాపీలు ఉంచే సెట్టింగు) పెట్టి, ఆబ్జెక్ట్ లాక్‌ను (ఫైలు చెరపనివ్వని తాళాన్ని) 30 రోజులకు బిగించాలి. కంప్లయన్స్ రకం లాక్ వేస్తే ఆ గడువులో ఖాతా యజమాని కూడా చెరపలేడు, వైరస్ సంగతి చెప్పక్కర్లేదు. డేటాకు తాళం వేసే టాలీ వాల్ట్ పాస్‌వర్డ్ వాడితే దాన్ని కాగితం మీద రాసి బ్యాంకు లాకర్లో పెట్టండి. అది పోతే డేటా తెరిచే దారి టాలీ కంపెనీ దగ్గర కూడా లేదు. నెలకోసారి, వేరే కంప్యూటర్‌లో, ఆ బ్యాకప్‌ను దింపి తెరిచి, నిన్నటి రోకడ నిల్వ సరిపోయిందో లేదో చూడాలి. ఇది చేయని బ్యాకప్ ఉన్నట్టా లేనట్టా అన్నది అవసరం పడినప్పుడు గాని తేలదు.

మొదటిసారి పాత డేటా మొత్తం పంపేటప్పుడు ఓపిక కావాలి. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉంటే 100 జీబీ ఎక్కడానికి 11 గంటలు, 500 జీబీకి రెండు రోజులు దాటుతుంది. శనివారం రాత్రి మొదలుపెట్టండి.

తాళాలు ఎవరి దగ్గర

క్లౌడ్ కంపెనీ భవనాన్ని, కరెంటును, మెషీన్‌ను చూసుకుంటుంది. పాస్‌వర్డ్, తలుపులు, మీ డేటా మీ బాధ్యత. దాడులు ఎక్కువగా వచ్చేది రిమోట్ డెస్క్‌టాప్ తలుపు, అంటే 3389 పోర్టు, ప్రపంచమంతటికీ తెరిచి పెట్టినప్పుడు. పెట్టిన కొద్ది గంటల్లోనే ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డ్ ఊహించే ప్రయత్నాలు మొదలవుతాయి. ఆ పోర్టును షాపు ఐపీకి మాత్రమే తెరవడం ఒక మార్గం, కానీ ఇళ్ల ఫైబర్ ప్లాన్లలో ఐపీ మారుతూ ఉంటుంది, చాలాసార్లు వందల ఇళ్లకు కలిపి ఒకటే ఉంటుంది. మారని (స్టాటిక్) ఐపీ కొనడమో, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (మీవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) పెట్టడమో మేలు. ప్రతి గుమాస్తాకూ వేరే లాగిన్ ఇవ్వండి. మనిషి పని మానిన రోజే అతని లాగిన్ మూసేయండి.

మన ఊళ్లలో అన్నింటికన్నా పెద్ద లోపం ఇంకోటి. ఖాతా డీలర్ పేరు మీద ఉంటుంది, ఈమెయిల్ అతనిది, ఓటీపీ అతని ఫోన్‌కే వస్తుంది. రేపు అతనితో మాట తేడా వచ్చినా, అతను ఊరు మారినా మీ లెక్కలు అతని జేబులో. రూట్ ఖాతా, అంటే అన్ని హక్కులూ ఉండే అసలు ఖాతా, మీ సంస్థ ఈమెయిల్ మీద, మీ ఫోన్ నంబరు మీద, మీ జీఎస్టీ నంబరు మీద ఉండాలి, డీలర్‌కు పని చేసుకునేంత హక్కు మాత్రమే. "అలా కుదరదు సార్" అంటే ఇంకో డీలర్‌ను చూసుకోండి. మనిషికింత అని వసూలు చేసే టాలీ ఆన్ క్లౌడ్‌లో రూట్ ఇవ్వరు, ఎందుకంటే ఒకే మెషీన్ మీద నాలుగైదు సంస్థలు ఉంటాయి. అక్కడ కనీసం రోజూ బ్యాకప్ ఫైలు మీ సొంత బకెట్‌కు వచ్చేలా ఒప్పందంలో రాయించండి.

పెద్ద కంపెనీ అయితే పడిపోదన్న ధీమా కూడా వద్దు. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి కాలి బూడిదైంది; బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉంచుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు. 2024 మేలో ఆస్ట్రేలియాలో ఆరు లక్షల పైచిలుకు సభ్యులున్న యూనిసూపర్ అనే పింఛను నిధి ఖాతా గూగుల్ క్లౌడ్‌లో పొరపాటున చెరిగిపోయింది. వేరుగా దాచిన కాపీల వల్ల ఒడ్డున పడింది. 2025 జులైలో యూరప్ ఆంక్షల పేరుతో మైక్రోసాఫ్ట్ మన దేశంలోని నయారా ఎనర్జీ అనే చమురు కంపెనీకి సేవలు ఆపేస్తే, ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాకే అవి తిరిగొచ్చాయి. అదే ఏడు అక్టోబరు 20న అమెరికాలో ఒక ప్రాంతపు అమెజాన్ డేటా సెంటర్ల సేవలు దెబ్బతిని ప్రపంచమంతా యాప్‌లు ఆగాయి. ఇవన్నీ జరిగాక ఒప్పందంలో మీకు దక్కేది ఏమిటంటే, ఒక్క మెషీన్ నెలలో 99.5 శాతం సమయం నడుస్తుందన్నదే అమెజాన్ ఇచ్చే హామీ. నెలకు మూడున్నర గంటలు పడిపోయినా అది హామీ లోపలే. అది దాటితే వచ్చే పరిహారం కూడా వచ్చే బిల్లులో తగ్గింపే, ధన్‌తేరస్ నాడు ఆగిన కౌంటర్ అమ్మకం కాదు.

అందుకే ప్రొద్దుటూరు నగల దుకాణానికి కౌంటర్ బిల్లింగ్ లోపలి మెషీన్ మీదే ఉంచి, రాత్రికి క్లౌడ్‌కు కాపీ పంపమనే చెప్తాం. మూడు ఊళ్లలో బ్రాంచీలు ఉండి, సరుకు నిల్వ ఒకే చోట కనబడాలనుకునే బట్టల వ్యాపారికి క్లౌడ్ టాలీ ఖర్చుకు తగ్గ పని చేస్తుంది. ఆడిటరు కర్నూల్లో కూర్చుని కడప పుస్తకాలు చూసుకోవచ్చు. ఒకే కొట్టు, ఒకే గుమాస్తా అయితే మంచి కంప్యూటరు, మంచి యూపీఎస్, క్లౌడ్ బ్యాకప్, అంతే. స్కానింగ్ సెంటర్లకు మాత్రం క్లౌడ్ నిజంగా వరం. 300 ఎంబీ సీటీ స్కాన్ 20 ఎంబీపీఎస్ లైను మీద రెండు నిమిషాల్లో ఎక్కుతుంది, రిపోర్టు రాసే రేడియాలజిస్టు ఏ ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు, రాత్రి కేసులకు మనిషిని వెతుక్కోనక్కర్లేదు. ఫలితాల రోజు మాత్రమే సైటు మీద జనం విరుచుకుపడే కాలేజీలకూ ఇదే సరి, ఆ రెండు రోజులకు పెద్ద మెషీన్ తీసుకుని మూడో రోజు దింపేయొచ్చు.

చేరేముందే బయటికొచ్చే దారి అడగండి. డేటా ఏ రూపంలో వెనక్కి ఇస్తారు, ఎన్ని రోజుల్లో, దానికి డబ్బు వేస్తారా. అమెజాన్‌లో నెలకు 100 జీబీ వరకు బయటికి దింపుకోవడం ఉచితం, టాలీ డేటాకు అది ఎక్కువే. మానేసేటప్పుడు మెషీన్ ఆపితే పని అయిపోయినట్టు కాదు. డిస్క్ తీసేయాలి, స్నాప్‌షాట్లు ఒక్కొక్కటీ చెరపాలి, ఐపీ అడ్రసు వదిలేయాలి, ఇతర ప్రాంతాల్లో ఏమైనా మిగిలాయేమో తిప్పి చూడాలి. ఆబ్జెక్ట్ లాక్ గడువు ఉన్న బకెట్ ఆ గడువు తీరేదాకా పోదు. మరుసటి నెల బిల్లు సున్నా వచ్చాకే ఖాతా మూసేసి, కార్డు తీసేయండి.